తాబేలమ్మ దిమ్మిస

ఒకప్పుడు సముద్రపు తాబేలుకు గుడ్లు పెట్టడం వచ్చు గానీ, దాచడం రాదు. ఒడ్డుకొచ్చి, మూరెడు గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, పైన ఇంత ఇసుక ఎగజల్లి వెళ్ళిపోయేది. ఆ ఇసుక గుల్లగా, పొంగిన పూరీలా ఉబ్బి ఉండేది. గుడ్లు ఇక్కడే ఉన్నాయి రమ్మని నక్కను పిలిచినట్టే కదా మరి.

మూడేళ్ళు వరసగా అదే జరిగింది. పిల్లలు బయటికొచ్చే వేళకి తాబేలు ఆశగా ఒడ్డుకొచ్చేది. చూస్తే గొయ్యంతా తవ్వేసి ఉండేది. చుట్టూ చిరిగిపోయిన తెల్లటి గుడ్ల పెంకులు. ఒక్కటంటే ఒక్క పిల్ల లేదు. సముద్రుణ్ణి అడిగితే, నా కెరటం చేరినంత వరకే నా కాపలా, ఆపైన నావల్ల కాదన్నాడు.

నాలుగో ఏడు, మనుషులున్న చోటికి నక్క రాదులే అనుకుని, జాలరిపేట ముందే గుడ్లు పెట్టింది. అది కొర్లమ్మ అనే జాలరి ఆవిడ నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకునే కళ్ళమని దానికేం తెలుసు?

తెల్లారాక కొర్లమ్మ వచ్చింది. కళ్ళం గుల్లబారి ఉంది. ఇలాంటి చోట చేపలు పోస్తే వాటి ఒంటినిండా ఇసుకే. అందుకని నీళ్ళు చిలకరించి, నేల గట్టిపరిచే చెక్క దిమ్మిస తెచ్చి, దబ్ దబ్‌మని కొట్టడం మొదలుపెట్టింది.

కెరటాల్లోంచి తల ఎత్తిన తాబేలు అది చూసింది. పడుతూ లేస్తూ ఒడ్డుకు పాకింది.

"ఆపు తల్లీ. ఆ కింద నా పిల్లలున్నారు."

కొర్లమ్మ చేతిలోంచి దిమ్మిస జారిపోయింది. "ఓలమ్మ, ఎంత పని సేసినాను. నాకేటీ తెలీదు తల్లీ" అంటూ కూలబడిపోయింది. ఆవిడా పిల్లల తల్లే.

తవ్వి చూద్దామంది తాబేలు. వద్దు, తవ్వితే నక్కకు దారి చూపినట్టే, బతికినవాళ్ళనైనా బతకనియ్యి అంది కొర్లమ్మ. ఆ రోజు నుంచి ఆ చోట ఆవిడ ఒక్క చేప పోయలేదు, ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు.

సాయంత్రం నక్క రానే వచ్చింది. మనుషులన్నా దానికి జంకు లేదు. కానీ ఎటు చూసినా నేల చదునుగా ఉంది, ఉబ్బెత్తు ఎక్కడా లేదు. అటూ ఇటూ తిరిగి ఉత్త కడుపుతో పోయింది. తాబేలు మాత్రం పిల్లలన్నీ చచ్చిపోయి ఉంటాయని రోజూ ఏడుస్తూనే ఉంది.

నలభై అయిదు రోజులు దాటాయి. ఒక సాయంత్రం గట్టి కళ్ళం ఉన్నట్టుండి బీటలు తీసింది. కొర్లమ్మ బిత్తరపోయి చూస్తుండగా ఒక బీటలోంచి బుల్లి ముక్కు పైకొచ్చింది. ఆ వెనక ఇంకొకటి. ఆపైన కళ్ళమంతా కదిలింది. పిల్లలు బిలబిలమంటూ సముద్రంలోకి పరిగెత్తాయి. తాబేలు కెరటాల్లోంచి తల ఎత్తి చూసింది. ఏ దెబ్బలకు చచ్చాయని ఏడ్చిందో, ఆ దెబ్బలే పిల్లల్ని కాపాడాయి.

తాబేలు ఒడ్డుకు పాకొచ్చి, దిమ్మిస నాకిస్తావా అని కొర్లమ్మను అడిగింది.

కొర్లమ్మ దాని చదునైన పొట్ట వంక చూసింది. "నీకెందుకమ్మా? నీ పొట్టే పెద్ద దిమ్మిస."

అప్పటినుంచే సముద్రపు తాబేలు గుడ్ల మీద ఇసుక కప్పాక, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబ్ దబ్‌మని కొడుతుంది. ఎంత అలసిపోయినా సరే, నేల చదును కానిదే సముద్రం వైపు తిరగదు.