నీరు చెప్పక నేల అమ్మరాదు: మడవ గంగమ్మ వ్రత కథ

అక్షతలు చేత పట్టుకొనుడు. మడవ గంగమ్మ తల్లి కథ చెప్పుచున్నాను. మధ్యలో లేచి పోవువారెవరైన నున్నచో ఇప్పుడే పోవుడు, తరువాత నన్ననవలదు.

పూర్వము దాల్భ్యుడను ముని గాలవ మహర్షిని సమీపించి, "స్వామీ, నిన్నటిదాక పచ్చగా నున్న నేల చేయి మారగానే ఎండుచున్నది. కొన్నవాడు బికారి యగుచున్నాడు. ఇది యేమి పాపము?" అని అడిగెను. అందుకు గాలవుడు, "అది నేల పాపము కాదు, నీటి మాట దాచిన నోటి పాపము. దానిని పోగొట్టు వ్రతమొకటి కలదు, వినుము" అని ఇట్లు చెప్పెను.

ఊటుకుంట యను పల్లెలో కొందరు రైతులకు కలిపి ఒకటే బావి యుండెను. వంతు వచ్చిననాడు ఆ వంతుదారుడు ఎద్దులతో కపిల తోలి నీరు తోడి, కాలువగట్టున నీరు మళ్లించు మడవ తెరచి, తన చేనికి నీరు పెట్టుకొనును. నేల అమ్మదలచినవాడు బావిగట్టున గంగమ్మను పూజించి, దోసిట నీరు పట్టి, ఆ నీరు కారిపోవులోగా, తన నేలకు బావిలో ఎంత వంతు కలదో వంతుదారులందరు వినునట్లు చెప్పవలెను. పిమ్మట మిగిలిన నీటిని కొనువారి దోసిట పోయవలెను. ఇది ఆ పల్లె ఆచారము.

ఆ పల్లెలో చెంగన్న యనువాడు తన నీటి వంతును పొరుగు రైతు బాలిరెడ్డికి వేరుగా అమ్ముకొనెను. పిమ్మట వట్టి నేలను కొండదాపున నుండు సిద్ధప్పకు బేరము పెట్టెను. నేల చూపునాడు బాలిరెడ్డిని బతిమాలి దానికి ఒక్క తడి నీరు పెట్టించెను. సిద్ధప్ప తడిమన్ను పిడికిట పట్టి మురిసిపోయెను. అతని భార్య సుంకమ్మ వ్రతము మాట యెత్తగా, "ఏందే నీ శాత్రం! తడి కండ్లకు కనపడ్తాంటే ఇంగ దోసిట్లో నీల్లెందుకు?" అని కసరెను. తన కొండదాపు చేను అమ్మి ఈ నేల కొనెను. చెంగన్న బండి కట్టుకొని ఊరు విడిచిపోయెను.

అయ్యో, ఏమి చెప్పుదును! సిద్ధప్ప విత్తిన చెనిక్కాయ, అదే వేరుసెనగ, మొలిచి ఆకు విప్పినది. సిద్ధప్ప ఎద్దులతో బావికి పోగా, బాలిరెడ్డి మడవపై కాలు పెట్టి నిలిచెను.

"ఈ వంతు నాది సిద్ధప్పా. నువ్వు కొనింది మన్ను. నీల్లు నీకెవురమ్మినారు?"

వంతుదారులు తలలు వంచుకొనిరే గాని పలుకలేదు. పైరు మాడెను. సుంకమ్మ నిండు చూలాలయ్యు వంకనుండి కడవలు మోసి సాళ్లలో పోసెను. ఆ నీరు వేరు దాక దిగలేదు. ఎద్దుల డొక్కలు ఎండెను. ఇంట పొయ్యి వెలుగని దినములు వచ్చెను.

అంతట పుల్లమ్మ యను విధవరాలు ఇద్దరు కూతుళ్లతో నేల కొన వచ్చెను. సిద్ధప్పకు ప్రాణము లేచివచ్చెను. చెంగన్న చేసిన పనియే తానును చేసెను. బాలిరెడ్డి నవ్వుచు ఒక్క తడి ఇచ్చెను. చేను నల్లగా తడిసెను.

సుంకమ్మ చూచి మగనికి అడ్డము నిలిచెను. "మనల్ను ముంచిన తడితోనే ఆ యమ్మను ముంచుతావా? నీకు చేతులెట్లా వచ్చినాయయ్యా?"

"పుట్టబోయే బిడ్డకు ఏం పెట్టాల? మన్ను పెట్టాల్నా?" అని అతడు అరచెను.

ఆమె మరి వాదింపలేదు. పసుపు నూరి, వ్రతము లేక అమ్మకము జరుగనీయనని చెప్పి, బావిగట్టున కూర్చుండెను. వంతుదారులను పిలిపించెను. సిద్ధప్ప తప్పించుకొనలేక దోసిట నీరు పట్టెను. ఎదుట పుల్లమ్మ చేతులు చాచెను. నీరు వ్రేళ్ల సందుల కారుచుండెను. అతడు వ్రేళ్లు దగ్గరగా బిగించెను. బాలిరెడ్డి కన్ను గీటెను. అవతల పుల్లమ్మ కూతుళ్లు అప్పుడే తడిమట్టిలో దిగి, ఇచ్చట వంగ నాటుదము, అచ్చట మిరప నాటుదము అని గట్లు కట్టుచుండిరి. నీరు అడుగంటెను. సుంకమ్మ కన్నులు మూసికొనెను.

"ఈ నేలకు నీల్లు ల్యావు తల్లీ! ఒక్క చుక్క గూడ ల్యాదు. నిన్ను మోసం జేయాలని తడిపినా!" అని సిద్ధప్ప భోరున ఏడ్చెను.

పుల్లమ్మ అతనిని నోటికొచ్చినట్లు తిట్టెను. తిట్టవలసినదే. పిమ్మట బాలిరెడ్డి వైపు తిరిగి, "నేల ఈయనది, వంతు నీదా? ఆ నీల్లన్నీ ఏం చేసుకుంటాండావు?" అని నిలదీసెను. మితిమీరిన నీటితో వాని చేనే చౌడు తేలి తెల్లబడియుండెను. గంగమ్మ యెదుట మాట బయటపడినందున వంతుదారులు ఇక మూగలై యుండలేకపోయిరి. నేలను విడిచిన వంతు చెల్లదనియు, వంతునకు బాలిరెడ్డి పెట్టిన సొమ్మును నేలగలవారు పంటపై తీర్చవలెననియు తీర్పు చెప్పిరి. బాలిరెడ్డి గొణుగుచునే మడవ విడిచెను. పుల్లమ్మ ఆ నేలలో సగము, వంతులో సగము కొనెను. ఆ యేడు రెండు చేలును పండెను. సుంకమ్మకు ఆడపిల్ల పుట్టెను.

కావున దాల్భ్యా, నేల అమ్మువారు, కొనువారు, అన్నదమ్ములు పాలు పంచుకొనువారు, బోరు వేయువారు, ఇంటిస్థలము కొనువారు సైతము ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి ఊట తగ్గదు, గట్టు తగవు రాదు, కొన్న నేల కలిసివచ్చును అని గాలవుడు చెప్పెను.

కథ ముగిసినది. అక్షతలు అప్పుడే వేయవలదు. నేటి బేరములో నేల కొనువారు చేతులు చాచి యున్నారు. అమ్మువారు ముందుకు వచ్చి దోసిలి పట్టవలెను. చెప్పు నాయనా, మేమందరము వినుచున్నాము.