చెదపురుగుల వేపుడు

ఎలుగుబంటి ఇసుక వడ్డిస్తే కుందేలు పారిపోయిందంటే నమ్ముతావా? నమ్మవ్. దమ్ముంటే నమ్మకుండా చివరిదాకా విను.

అనగనగా ఒక అడవి. అడవిలో వాగు. వాగొడ్డున బొంతు అనే ఎలుగుబంటి పిల్ల. వీడితో ఎవరూ ఆడరు. అందుకే ఆ రోజు వీడే అందర్నీ బువ్వలాటకి పిలిచాడు. మోదుగాకులు పరిచాడు. ఇసుకే అన్నం, ఇసుకే కూర, ఇసుకే పాయసం.

ముందు కుందేలు పిల్ల చెంగి వచ్చింది.

"కూర్చో చెంగీ. ఇదిగో, చెదపురుగుల వేపుడు," అన్నాడు బొంతు.

చెంగి ముక్కు మూసుకుంది. "ఛీ, నేను తినను."

"ఇది ఇసుకేనే."

"ఇసుకైతే తినేదాన్ని. నువ్వు చెదపురుగులన్నావ్‌గా."

ఒక్క గెంతు. పొద వెనక్కి పోయింది.

తర్వాత ఉడుత జిల్లి.

"చెదపురుగులంటే నీక్కూడా ఇష్టమే కదా," అన్నాడు బొంతు.

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నాకిష్టం కదా."

జిల్లి ఇంకా తినని తిండిని తూ తూ అని ఊసేసి చెట్టెక్కేసింది.

బొంతు ఒక్కడే మిగిలాడు. ఒక ఆకు ముందు కూర్చుని "ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. లేచి అటుపక్కకెళ్లి "మొహమాటపడకు" అన్నాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మూడోసారికి ఏడుపొచ్చింది.

అప్పటికి చేరాడు తాబేలు నిమ్మళం. పొద్దున్నే బయల్దేరాడులే. బొంతు "చెద..." అనగానే వాడి తల సగం లోపలికెళ్లింది. బొంతు ఆగిపోయాడు. ఆ తల వంకే చూశాడు. వీడూ పోతే ఇంక వచ్చేవాళ్లే లేరు.

"నీకేం కావాలి?" అన్నాడు.

తల బయటికొచ్చింది. "పుట్టగొడుగుల పులుసు."

పుట్టగొడుగులంటే బొంతుకి అస్సలు గిట్టదు. అయినా అదే ఇసుక దోసిలితో తీసి పోశాడు. "వేడిగా ఉంది, ఊదుకుని తిను."

నిమ్మళం చప్పరించాడు. "ఉప్పు తక్కువైందిరా."

బొంతు ఉప్పు కోసం పరిగెత్తాడు. అంటే ఇంకొంచెం ఇసుక కోసం.

పొదలోంచి చెవులు లేచాయి. "మరి నాకు ముల్లంగి పచ్చడి?" చెట్టు మీంచి తోక ఊగింది. "నాకు రేగి వడియాలు." బొంతు చెమటలు కక్కుతూ వడ్డించాడు.

అందరూ బ్రేవుమన్నాక నిమ్మళం అడిగాడు, "మరి నువ్వేం తింటావురా?"

బొంతు నేలకేసి చూశాడు. "చెప్తే మీరు పారిపోతారు."

"చెప్పు."

"చెదపురుగుల వేపుడు."

చెంగి ఒక చేత్తో ముక్కు మూసుకుంది. రెండో చేత్తో గుప్పెడు ఇసుక తీసి వాడి ఆకులో వేసింది. "కరకరలాడుతున్నాయా?"

బొంతు ఎంత మురిసిపోయాడంటే, ఆట సంగతే మర్చిపోయి ఆ గుప్పెడూ నిజంగానే నోట్లో...

ఆ, వంటింట్లోకి వస్తున్నానమ్మా. నేను కథ చెప్తుంటే పాలు పొంగితే నాదా తప్పు? ఆగు, నీతి చెప్పేసి పోతా.

నీతి: నీకు నచ్చిందే ఎదుటోడికీ నచ్చుతుందనుకుంటే ఒక్కడివే ఆడుకోవాలి. వాడికేం కావాలో అడిగావా, ఆట అందరిదవుద్ది.