మోదుగు పూలకు పోయే బండి

ఓబులేసును ఒక ప్రశ్న చాలా కాలం పట్టుకుని పీడించింది. ఒక బండి ఉంచుకోవాలా, రెండు ఉంచుకోవాలా?

ఆత్మకూరు బజారులో అతనికి విత్తనాల అంగడి ఉంది. సరుకు కోసం దాదాపు రోజూ నంద్యాల పోయి రావాలి. దానికి చిన్న కారు ఉంది. సందుల్లో ఇట్టే తిరుగుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. కానీ నల్లమల అడవిదారికి అది పనికిరాదు. దాని అడుగు దారిలోని గుండ్లకు తగులుతుంది. వాగు ఇసుకలో చక్రం దిగబడుతుంది.

అడవికి పోవలసిన పని అతనికి గురువుగారి వల్ల వచ్చింది.

గురువు పేరు దస్తగిరయ్య. దూదేకుల ఆయన. వయసులో ఉన్నప్పుడు పరుపులు కుట్టి బతికారు. అచల మార్గంలో గురువు దగ్గర బోధ తీసుకున్న మనిషి. సాయంత్రం ఆయన ఇంటి పంచలో కొందరు చేరి తత్వాలు పాడుకునేవాళ్ళు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చాలాసేపు వినేవారు, కొంచెం మాట్లాడేవారు. భార్య హుసేనమ్మ వచ్చినవాళ్ళందరికీ టీ పోసేది.

ఒక మాఘమాసంలో ఆయన ఓబులేసును దగ్గర కూర్చోబెట్టుకుని మనసులో మాట చెప్పారు. నల్లమల లోపల, వాగు దాటినాక కొండ మలుపులో, తన గురువు చెన్నబసవయ్య సమాధి ఉంది. చుట్టూ మోదుగు చెట్లు. శివరాత్రి దాటితే ఆకంతా రాలిపోయి ఆ మలుపు మొత్తం ఎర్రగా పూస్తుంది. ఆ పూల కిందనే తనకు బోధ జరిగింది. మళ్ళీ ఒకసారి కళ్ళారా చూసి రావాలని ఉంది.

"మోదుగులు పూసినప్పుడు నన్ను ఆడికి తీస్కపోతావా నాయనా?"

గురువుగారు అంతకుముందు ఎవరినీ ఏమీ అడిగి ఎరగరు. తనను అడిగారని ఓబులేసు గుండె నిండిపోయింది. తప్పకుండా తీసుకుపోతానని ఆయన కాళ్ళకు దండం పెట్టుకున్నాడు.

బండి ఆలోచన ఆరోజే మొదలైంది. చిన్న కారు అట్లే ఉంచి, అడవికి వేరుగా ఒక పాత జీపు కొంటే ఎట్లుంటుందని చూశాడు. జీపు ఎక్కడికైనా ఎక్కుతుంది. కానీ ఎత్తేసి కుదేస్తుంది, గురువుగారి నడుము తట్టుకోలేదు. పైగా ఏడాదిలో నాలుగుసార్లు తప్ప పని ఉండదు, మిగతా రోజులు పెట్టుకోవడానికి సందులో చోటు లేదు. ఇట్లా అనుకుంటూ ఉండగానే ఎండలు ముదిరి పూలు రాలిపోయాయి.

మరుసటి ఏడు రెండు పనులకూ పనికొచ్చే బండి ఒకటే కొందామనుకున్నాడు. కొండలెక్కే బండ్ల వీడియోలు ఫోన్లో చూస్తూ కూర్చున్నాడు. నంద్యాల, కర్నూలు పోయి ఒక్కొక్కటీ నడిపి చూశాడు. కొండ ఎక్కేది సందులో పట్టదు. సందులో పట్టేదానికి అడుగు ఎత్తు చాలదు. రెండు పనులు చేసే బండి ఏ పనీ సరిగ్గా చేయదన్నారు కొందరు. రెండు బండ్లు ఉన్నవాడికి అవసరానికి ఎప్పుడూ ఇంట్లో వదిలి వచ్చిన రెండోదే కావాల్సి వస్తుందన్నారు మరికొందరు. ఆ మాటలన్నీ తీసుకొచ్చి అతను గురువుగారి ముందు పెట్టేవాడు. మోదుగులు పూసినాయి నాయనా అనేవారు ఆయన.

ఆయన ఒకసారి అంతా విని, అడవి గేటు దాకా బస్సు పోతుంది కదా, అక్కడినుంచి మెల్లగా నడుచుకుంటూ పోదామన్నారు. ఓబులేసుకు చిన్నతనంగా అనిపించింది.

"నేనుండంగ మీరు నడిచేదేంది సామీ. మెత్తగా కూర్చోబెట్టి తీస్కపోతా."

ఆయన మళ్ళీ నడక మాట ఎత్తలేదు. ఇంకోసారి రేషను బియ్యం వేసుకుని ఆ అడవిదారిలోని చెంచుగూడేనికి ట్రాక్టరు పోతూ ఉంటే, డ్రైవరు గురువుగారిని కూడా ఎక్కించుకుంటానన్నాడు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచారు కూడా. అంతలో ఓబులేసు వచ్చి వద్దని వారించాడు. అంత పెద్దమనిషిని ట్రాక్టరు తొట్టిలో కూర్చోబెడతారా అని డ్రైవరును కోప్పడ్డాడు. గురువుగారు తువ్వాలు తీసి మళ్ళీ కూర్చున్నారు. ఆ ఏటి పూలు కూడా రాలిపోయాయి.

ఆ రోజుల్లో ఓబులేసు ఒకటి చూశాడు, పట్టించుకోలేదు. టీ గ్లాసు కోసం చాచిన గురువుగారి చేయి గ్లాసు పక్కకు పోయేది. నేల తడుముకుని తడుముకుని గ్లాసును చేరేది. ఓబులేసు గ్లాసును ఆయన చేతికి దగ్గరగా జరిపి, బండి అడుగు ఎంత ఎత్తుండాలో చెప్పుకుంటూ పోయేవాడు.

చివరికి చిన్న కారు అమ్మేసి కొత్త బండి తెచ్చాడు. ఎత్తైనది, నాలుగు చక్రాలూ లాగేది, లోపల మెత్తటి సీట్లది. సందు మలుపులో ఒకసారి వెనక్కూ ముందుకూ ఆడించాలి కానీ పడుతుంది. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఫాల్గుణంలో ఒక పొద్దున దాన్ని నేరుగా గురువుగారి ఇంటి ముందుకు తెచ్చి నిలిపాడు.

శబ్దం విని హుసేనమ్మ బయటికి వచ్చింది. బండిని చూసింది. తర్వాత ఓబులేసు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"నీకు చెప్పొద్దన్నాడు మీ సామి, నాయనా. కండ్లల్లో నీటికాసులంట. పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. ఇప్పుడు వెలుగుండాదా లేదా అనేది తెలుస్తాది, అంతే."

ఎప్పటినుంచో కూడా ఆమె తనే చెప్పింది.

"పోయిన ఎండాకాలం దాకా కొంచెం కొంచెం కనపడ్తానే ఉన్నింది."

ఇంతలో గురువుగారు ఉతికిన పంచె కట్టుకుని, గోడ పట్టుకుని, గడప దగ్గరికి వచ్చారు. ఓబులేసు పరుగున పోయి చేయి అందించాడు.

"సామీ, ఇప్పుడు పోవాల్నా?"

"ఏం, మోదుగులు పూయలేదా?"

"పూసినాయి సామీ."

"అయితే పోదాం పా."

బండి ఏ లోటూ చేయలేదు. గుండ్ల మీద మెత్తగా పాకింది. వాగులో దిగి నీళ్ళు చీల్చుకుని అవతల గట్టు ఎక్కింది. గురువుగారు అరచేత్తో సీటు అదిమి చూసి, బాగా చేసినారు అన్నారు. ఆ మాట కోసం ఓబులేసు ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ఇప్పుడది విని ఆయన వైపు చూడలేకపోయాడు.

కొండ మలుపులో సమాధి దగ్గర బండి ఆపాడు. ఆకు అన్నది లేదు. నల్లటి కొమ్మల నిండా ఎరుపు. నేల మీద ఎరుపు. సమాధి రాయి మీద కూడా పూలు రాలి ఉన్నాయి.

గురువుగారు రాతిని తడిమి దండం పెట్టుకుని, దాని పక్కనే నేల మీద కూర్చున్నారు. ఓబులేసు ఆయన ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"కండ్లు పోతాండాయని ఒక్క మాట చెప్పింటే, అప్పుడే తెచ్చింటినే సామీ."

"మోదుగులు పూసినాయని చెప్తానే ఉంటి గదా నాయనా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉంటే ఓబులేసు ఎట్లాగో ఓర్చుకునేవాడు. కళ్ళు తుడుచుకుని, కనీసం మాటల్లోనైనా చూపిద్దామని మొదలుపెట్టాడు. ఎడమపక్క పెద్ద చెట్టు ఉంది సామీ, దాని కొమ్మ సమాధి మీదికి వంగింది, పూలు చిలకముక్కుల్లాగ ఉన్నాయి అని చెప్పబోయాడు. గురువుగారు తడుముకుని అతని మణికట్టు పట్టుకున్నారు.

"చెప్పొద్దు. నువ్వు చూడు."

ఓబులేసు నోరు మూసుకున్నాడు. ఆయన చేయి తీయలేదు. చాలాసేపు అట్లే కూర్చున్నారు. మొదట అతనికి కన్నీళ్ళలో ఎరుపు తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత ఒక్కొక్క చెట్టూ కనిపించింది. పూల మీద వాలి తేనె తాగే పిట్టలు కనిపించాయి. గాలి లేకపోయినా ఉండి ఉండి ఒక పువ్వు రాలుతోంది. పువ్వు పడినప్పుడల్లా గురువుగారి తల కొంచెం అటు తిరుగుతోంది.

పొద్దు వాలాక ఆయనను జాగ్రత్తగా బండి ఎక్కించి తలుపు వేశాడు. తన సీట్లో కూర్చున్నాడు కానీ బండి తీయబుద్ధి కాలేదు. వచ్చే ఏడు ఇంకా ముందే వద్దాం సామీ, మొగ్గలప్పుడే వద్దాం, అమ్మను కూడా తీసుకొద్దాం అన్నాడు.



"రేపు నీకు తీరుతాదా?" అని గురువుగారు అడిగారు.

రేపు నంద్యాలలో సరుకు దించుకోవాలి. "చూద్దాం సామీ" అనబోయి ఆగాడు ఓబులేసు.

గురువుగారు జవాబు కోసం ముఖం అతని వైపు తిప్పి కూర్చున్నారు. అతను ఉన్న చోటికి కాదు, కొద్దిగా పక్కకు.