తట్టలో మినారు

కథ అనగానే రాజుతో మొదలుపెడతారు. ఈ కథ కూలీతో మొదలవుతుంది. రాజు కావాలంటే పక్కన నిలబడి వినొచ్చు.

అనగనగా ఒక పట్నం. పట్నం నడుమ ఒక మినారు. కట్టించినవాడి పేరు ద్వారం పైన చెక్కి ఉంది. కట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

వాళ్ళలో లస్మయ్య ఒకడు. పునాది తీసిన నాడు నిటారుగా వచ్చాడు. మోశాడు, మోశాడు, మోశాడు. రాళ్ళు పైకి పోయేకొద్దీ అతని మెడ కిందికి పోయింది. మినారు పూర్తయ్యేసరికి వంగిన మెడ ఇక లేవలేదు. కాలివేళ్ళు తప్ప అతనికేమీ కనపడవు. మోసింది అతనే, చూడనిదీ అతనే.

ఏడాదికి ఒక్కరోజు మినారు దగ్గరికి అందరినీ రానిచ్చేవారు. లస్మయ్య కూడా తల్లినీ, పెళ్ళాం కనకవ్వనూ, కూతురు చిలకమ్మనూ వెంటబెట్టుకుని, జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చేవాడు.

మొదటి ఏడు తల్లిని అడిగాడు.

"అమ్మా, ఎట్లుందే?"

"ఎట్లుంటది బిడ్డా, బోర్లించిన చెంబు లెక్క."

రెండో ఏడు పెళ్ళాన్ని అడిగాడు.

"కనకవ్వా, ఎట్లుందే?"

"మల్లెమొగ్గ లెక్క."

"అమ్మ చెంబంటది, నువ్వు మొగ్గంటవు. ఇద్దరూ చూసేది ఒక్కదాన్నేనా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ రోజు రొట్టె మాత్రం ముట్టలేదు.

మూడో ఏటికి చూపు మసకబారింది. వచ్చే ఏడు కాలివేళ్ళు కూడా కనపడవేమోనని భయం పట్టుకుంది.

"చిలకమ్మా, నువ్వన్న సరిగ్గ చెప్పు. ఎట్లుందే?"

"నేను చెప్ప నాయినా. నువ్వే చూడు."

చిలకమ్మ నెత్తి మీది ఇనుపతట్ట దించింది. అతను సున్నం మోసిన తట్టే అది. అతని కాళ్ళ ముందు పెట్టి, బావి నీళ్ళు తెచ్చి నింపింది.

కాపలావాడు ఉరికొచ్చాడు.

"ఏయ్ పిల్లా! రాజుగారి మినారు ముందు తట్టలేంది? తియ్!"

లస్మయ్య తల్లి అడ్డం వచ్చింది.

"రాజుగారిదా? అయితే రాజుగారి మెడ వంగిందేమో చూసి రాపో!"

తట్టను తన్నడానికి వాడు కాలెత్తాడు. అక్కడికొచ్చిన కుటుంబాలన్నీ తట్ట చుట్టూ నిలబడ్డాయి. ఎత్తిన కాలు ఎత్తినచోటే దిగింది.

నీళ్ళు నిలిచాయి. లస్మయ్య కాళ్ళ దగ్గర ఆకాశం. ఆకాశంలో మినారు. మినారు కొస పక్కన అతని ముఖం.

చాలాసేపు చూశాడు.

"అమ్మా, చెంబు కాదే. కనకవ్వా, మొగ్గ కాదే."

"మరేంది?" అంది కనకవ్వ.

"మన చిలకమ్మ పుట్టిన్నాడు దాని నెత్తి ఇట్లనే కొసగ ఉండె."

"పో నాయినా!" అంది చిలకమ్మ. ఆ రోజు రొట్టెలన్నీ లస్మయ్యే తిన్నాడు.

మరుసటి ఏటికి అతను లేడు. చిలకమ్మ తట్ట తెచ్చి నీళ్ళు పోసింది. ఆమెను చూసి ఇంకొకరు పోశారు. వాళ్ళను చూసి మరొకరు పోశారు.

ఇప్పటికీ పిల్లల్ని తీసుకుని ఆ మినారుకు వెళ్ళినవాళ్ళు ముందు తలెత్తరు. గిన్నెలోనో, పళ్ళెంలోనో నీళ్ళు పోసి కిందికి చూస్తారు. ద్వారం పైన చెక్కిన పేరు ఎవరి కంటా పడదు. నీళ్ళు నిలిచేదాకా పిల్లలు ఆగలేరు, వేలు పెట్టబోతారు. పెద్దవాళ్ళు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా అంటారు:

"ఆగు బిడ్డా, లస్మయ్య చూస్తుండు."