ఆకు రాలని రేలచెట్టు

పూర్వం కృతయుగంలో, మహేంద్రగిరి పాదాన వంశధారానది ఒడ్డున ఆశ్రమం కట్టుకొని శిష్యులకు వేదం చెబుతుండిన ఋతవర్ధన మహర్షి, ధర్మపత్ని సునేత్ర మరణించిన నాటి సాయంకాలం, చితికి నిప్పు పెట్టి, నదిలో మునిగి, తడి వల్కలాలతో వాకిలి చేరేసరికి, ఆమె విత్తు నాటి పెంచిన రేలచెట్టు నుండి పండుటాకు ఒకటి ఆయన భుజం మీద రాలింది. ఆ చెట్టు అప్పటికి ఒక్కసారీ పూయలేదు. "ఈ వేసవికి పూస్తుంది, చూద్దురుగాని" అని ఆ సాధ్వి ఏటేటా చెబుతుండేది. మహర్షి పాఠం నుండి తలెత్తకుండానే "సరే" అంటుండేవాడు.

మరో ఆకు రాలింది. ఆ వెనుకే ఇంకొన్ని. సకల శాస్త్రాలూ చదివిన ఆ మహానుభావుడికి చెట్టు చచ్చిపోతోందని తోచింది. తన తపస్సంతా ధారపోసి దేవేంద్రుణ్ణి పిలిచి, "సహస్రాక్షా! ఈ చెట్టు నుండి ఇక ఒక్క ఆకూ రాలకూడదు. ఇది పూయడం నేను చూడాలి" అని కోరాడు. మొదటి మాట విని రెండో మాట వినకముందే ఆ వజ్రధారి "తథాస్తు" అని వెళ్లిపోయాడు.

ఆకు రాలలేదు. పువ్వూ పూయలేదు. వేసవి వెంట వేసవి గడిచింది. మహర్షి మళ్లీ పిలిచాడు. ఇంద్రుడు కారణం అడగకుండా వరుణుడితో చెప్పాడు; పాశపాణి అయిన వరుణుడు కొలత చూడకుండా వాకిట్లో వాన కురిపించాడు. వాకిలి బురదైంది. ఆ బురదలో కాళ్లీడ్చుకుంటూ, బంగారు కుండ మోసుకొని, నందనవనపాలకుడైన పుష్పకేతుడనే గంధర్వుడు దిగాడు.

"మునివర్యా, అమృతజలం తెచ్చాను. మూడు పూటలా పోయాలి."

"పోస్తే పూస్తుందా?"

"అది చెప్పలేనండీ. మా నందనంలో పూసి ఉన్న చెట్లనే తెచ్చి నాటుతాం. పూయించే పని మాకెప్పుడూ పడలేదు."

"మరి ఈ కుండ ఎందుకు మోసుకొచ్చావయ్యా?"

"దొరవారు తీసుకెళ్లమన్నారు."

మహర్షి శపించడానికి ఎత్తిన చేతిని ఎలాగో దించి, ఆ విసురంతా దండం మీద చూపించి నేలను గట్టిగా కొట్టాడు.

"కొట్టకు నాయనా. ఇప్పటికే ఒళ్లంతా బురదగా ఉంది" అంటూ భూదేవి లేచి వచ్చింది. సర్వంసహ అని లోకం కొలిచే ఆ తల్లి ముఖంలోనూ విసుగు కనబడింది. "ఫాల్గుణం వస్తే ఈ చెట్టు ఆకులన్నీ రాల్చుకోవాలి. వేళ్లకు దాహం వేయాలి. మోడులా నిలిచి ఎండ కాచుకున్నాకే రేల పూస్తుంది. నువ్వేమో రాలనివ్వవు, వీళ్లేమో దాహం వేయనివ్వరు. అది ఎప్పుడు పూయాలి?"

"ఈ మాట నాకెవరూ చెప్పలేదే, తల్లీ!"

"నువ్వు అడిగితే గదా. పూర్తిగా వినకముందే వరమిచ్చేవాళ్లనే పిలుస్తూ వచ్చావు."

ఋతవర్ధనుడు తలవంచుకొని, ఇంద్రుణ్ణి మరొకసారి పిలిచి, ఇచ్చిన వరం వెనక్కు తీసుకోమన్నాడు.

"మహర్షీ, ఇవ్వడమే గాని వెనక్కు తీసుకునే ఆచారం స్వర్గంలో లేదు" అన్నాడు పురందరుడు.

"అయితే కొత్త వరమే ఇవ్వు. రాలవలసినవి రాలాలి. ఈ వానా, ఈ అమృతజలమూ ఆగాలి. ఈసారి చివరిదాకా విని ఇవ్వు."

ఇంద్రుడు భూదేవి వైపు చూసి, ఆమె ముఖం చూసి, ఎందుకైనా మంచిదని కాసేపు ఆగి, "తథాస్తు" అన్నాడు.

ఇన్నాళ్లూ పట్టి ఉంచిన ఆకులన్నీ ఒక్క ఊపున రాలాయి. మహర్షి కళ్లు మూసుకోబోయి, మూసుకోకుండా, చివరి ఆకు నేలకు చేరేదాకా అక్కడే నిలబడి చూశాడు. ఆ చైత్రమంతా ఎండిన కొమ్మల కింద కూర్చొని పాఠం చెప్పాడు. కమండలం మీదికి చేయి వెళ్లినప్పుడల్లా వెనక్కు తీసుకున్నాడు.

వైశాఖంలో కొమ్మకొమ్మకూ పసుపుపచ్చని గుత్తులు జాలువారాయి. ఆకన్నది ఎక్కడా లేదు. అన్నీ పూలే. శిష్యులు తొలి గుత్తిని అగ్నిహోత్రం ముందు ఉంచారు. దేవతలు ఆ వాకిలి వదిలి తమ పనులకు వెళ్లారు. అప్పటి నుండి ఆ చెట్టు కాలానికి రాల్చి కాలానికి పూస్తోంది.

కింద రాలిన ఆకులను మాత్రం మహర్షి ఇంకా ఊడ్వనివ్వలేదు.