నూకాలు బండి

పూర్వం ఒక రాజుగారు కాలూ చెయ్యీ సరిగా ఆడనివాళ్ళకి, చూపు లేనివాళ్ళకి ఏటా వడ్లు ఇప్పించేవారు. వాటిని ఎవరి అవసరానికి వాళ్ళు వాడుకునేవారు. చాపలల్లే నూకాలుకి చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆ వడ్లిచ్చి ఒంటెద్దు బండి కుదుర్చుకుని, సంతలో చాపలమ్ముకుంటూ ఎవరికీ బరువు కాకుండా బతుకుతోంది.

కొత్తగా వచ్చిన దివానుగారు అందరినీ మళ్ళీ పరీక్షించాలన్నారు. ఊరూరా తిరుగుతూ వచ్చి, ఈ ఊళ్ళో అప్పటికే ఆరుగురి పేర్లు జాబితాలోంచి కొట్టేసి, నూకాలు గుమ్మం ముందు ఆగారు. వాన వెలిసి వీధంతా బురద. అందుకని పల్లకీ దించనివ్వకుండా బోయీల భుజాల మీద నుంచే అడిగారు.

"సంతకి వెళ్తున్నావా?"

"బండి మీద వెళ్తున్నాను బాబూ."

"వేళకి చేరుతున్నావా?"

"చేరుతున్నాను."

"అయితే నీకు ఏ లోటూ లేదు. ఇకనుంచి వడ్లు లేవు."

వడ్లు పోతే బండి పోతుంది. బండి పోతే సంత పోతుంది, సంత పోతే పొయ్యి ఆరుతుంది. నూకాలు బోయీల వైపు తిరిగింది.

"ఏం తమ్ముళ్ళూ, బాబుగారు మా ఊరికి వేళకే చేరారా?"

"చేరారక్కా."

"అయితే ఆయనకీ ఏ లోటూ లేనట్టే. పల్లకీ దించేసి ఇళ్ళకి పొండి."

పొద్దున్నుంచీ మోస్తున్న బోయీలు మొహమొహాలు చూసుకున్నారు. "దివానుగారి మాటే కదా" అంటూ మెల్లగా వంగారు. పల్లకీ అడుగు బురదకి తగిలింది.

"ఆగండ్రా. పల్లకీ ఉండబట్టే కదా నేను చేరింది" అన్నారు దివానుగారు కంగారుగా.

"నేనూ అదే అంటున్నాను బాబూ" అంది నూకాలు.

దివానుగారు గంటం తీసి ఆమె పేరు మళ్ళీ రాసుకున్నారు. పల్లకీ మాత్రం, ఊళ్ళో కొట్టేసిన మిగతా ఆరు పేర్లూ రాసేదాకా పైకి లేవలేదు.