విస్తట్లో సంఘం

"పిడికెడు గింజలు పక్కన తియ్యవే..." ఆ పైన పాట మంచులా కరిగిపోయింది గానీ, పాడిన తబితమ్మ ఇంకా కళ్ళలోనే ఉంది. మా గుడి ఊడ్చే మనిషి.

ఒక ఆదివారం, బిషప్పుగారు పంపగా పెద్ద పాదిరిగారు మా సంఘం భక్తి ఏపాటిదో చూడటానికి వచ్చారు. వాన కురిసి జనమంతా నాట్లకు పోయారు. గుళ్ళో ముగ్గురు ముసలమ్మలూ, చిన్నపిల్లని నేనూ.

"ఈ సంఘం చచ్చిపోయింది. గుడికి తాళం వేయిస్తాను" అన్నారాయన.

"అలాగే అయ్యగారూ, ముందు అన్నం తినండి" అంది తబితమ్మ.

ఆయన తిన్నారు, మారు వడ్డించమన్నారు. అప్పుడు చూసుకుని, "ఇదేం అన్నం? ఒక మెతుకు ఎర్రగా, ఒకటి తెల్లగా?" అన్నారు.

"ఇంటికో పిడికెడండీ. ఎసట్లో పోసేముందు ప్రతి తల్లీ దేవుడికని తీసి గుడి కుండలో వేసింది. బల్లల మీద లేనోళ్ళంతా మీ విస్తట్లో ఉన్నారు. చావింట్లో పొయ్యి వెలిగిస్తారా అయ్యగారూ? మీరు మారు కూడా అడిగారే!"

ఆయన నవ్వేశారు. సాయంత్రం ప్రార్థన చేలగట్టున జరిగింది. పచ్చని మడుల మధ్య తెల్లంగీలో ఆయన కొంగలా మెరిశారు.

నేను పెద్దయి అత్తారింటికి వెళ్ళేరోజు గుడి కుండలో బియ్యం వేస్తుంటే, తబితమ్మ నాతో ఆఖరుగా అంది: "నీ గుప్పెడు చిన్నది పిల్లా. ఇంకోసారి వెయ్యి."